పొద్దున వెళ్లి దీపాల వేళకు ఇల్లు చేరే ప్రయాణాలు

(కార్తీకమాసంలో విజయవాడలో జరిగిన పెన్షనర్ల సమావేశంలో ఒక విశ్రాంత ఉపాధ్యాయిని చేసిన ప్రసంగం)

సభలో ఉన్న పెద్దలందరికీ నమస్కారం. వెనక నిలబడినవాళ్లు దయచేసి ముందుకు రండి, మొదటి వరసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లను నిలబెట్టి విహారయాత్రల గురించి మాట్లాడటం నాకు మనసొప్పదు.

కాశీ, రామేశ్వరం, చార్‌ధామ్ గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను చెప్పేది ఆ పెద్ద యాత్రల సంగతి కాదు. పొద్దున టిఫిన్ తిని బయల్దేరి, దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరే ప్రయాణాలు. రాత్రికి మన మంచం మీద, మన తలగడ మీద పడుకోవచ్చు. రాత్రి మాత్రలు డబ్బాలో సర్దుకుని వెళ్లక్కర్లేదు. పిల్లలకు టెన్షన్ ఉండదు. ఇవన్నీ కలిసొస్తాయి కాబట్టే మన వయసుకు ఒక్కరోజు ప్రయాణమంత మంచిది ఇంకోటి లేదని నా నమ్మకం.

మనలో చాలామందిమి ముప్పై నలభై ఏళ్లుగా బెజవాడలో ఉంటున్నాం. ఆఫీసు, ఇల్లు, పిల్లల చదువులు, పెళ్లిళ్లు. ప్రకాశం బ్యారేజీ మీదుగా కృష్ణను ఎన్నిసార్లు దాటామో లెక్కలేదు. అవతలి ఒడ్డునున్న ఉండవల్లి గుహల్లోకి ఎంతమంది వెళ్లారని అడిగితే చేతులు లేవవు. మనవలు అమెరికా నుంచి వచ్చినప్పుడు వాళ్లను తీసుకెళ్లి, మనం కారు దగ్గరే కూర్చున్నాం. మనకోసం మనం వెళ్లింది తక్కువ.

నేను అందరికీ చెప్పే మాట ఒక్కటే. రోజుకు ఒక చోటు చాలు. ఆ చోట రెండు గంటలు నింపాదిగా కూర్చునే వీలుండాలి. మిగతా ఏర్పాట్లన్నీ దాని తర్వాతే.

ఈ నెలలో పంచారామాల బస్సులు వేస్తారు. అమరావతి, భీమవరం, పాలకొల్లు, ద్రాక్షారామం, సామర్లకోట, అయిదు శివాలయాలు ఒకే చుట్టులో. భక్తితో వెళ్లేవాళ్లను నేను తప్పుపట్టను, ఓపికున్నవాళ్లు తప్పకుండా వెళ్లాలి. కానీ డెబ్బై దాటినవాళ్లు అలా వెళ్లొచ్చాక ఏం చెబుతున్నారో వినండి. క్యూ గురించి, బస్సు సీటు గురించి, కాళ్ల వాపు గురించి చెబుతారు. ద్రాక్షారామంలో గుడి ఎలా ఉందో గుర్తుండదు. అయిదింటిలో ఒక్క అమరావతి మనకు దగ్గర. ఒక రోజంతా దానికే ఇస్తే అమరేశ్వరుణ్ని కళ్లారా చూసి, ఒడ్డున కూర్చుని కృష్ణను చూసి, మ్యూజియం కూడా చూసి రావచ్చు. మిగతా నాలుగూ గోదావరి జిల్లాలవాళ్లకు దగ్గర, వాళ్లు ఒక్కోటీ ఒక్కో రోజు చూసుకుంటారు.

ఇప్పుడు అందరూ మొహమాటపడే విషయం చెబుతాను. బాత్రూం.

మన ఆడవాళ్లు ప్రయాణం ఉందంటే తెల్లవారినప్పటి నుంచి నీళ్లు తాగడం మానేస్తారు. దారిలో ఎక్కడికి వెళ్లాలో తెలియక, డ్రైవర్‌ని ఆపమని అడగలేక. ఎండలో రెండు గంటలు తిరిగేసరికి కళ్లు తిరుగుతాయి. అప్పుడు ఇంట్లోవాళ్లు “వయసైపోయింది, ఇంక ప్రయాణాలు వద్దు” అంటారు. కారణం వయసు కాదు, గొంతు ఎండబెట్టుకోవడం. మగవాళ్లలోనూ ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్నవాళ్లు ఇంతే, పైకి చెప్పరు. అందుకే ఏ ఊరు వెళ్లాలనుకున్నా ముందు ఒకరు వెళ్లి మరుగుదొడ్డి చూసి రావాలి. ఉందా, తాళం వేసి ఉందా, నీళ్లు వస్తున్నాయా, కింద కూర్చునేదా, కమోడా. కింద కూర్చుంటే మళ్లీ లేవలేనివాళ్లు మనలో సగం మంది. దారిలో ఏ పెట్రోల్ బంకులో శుభ్రంగా ఉందో కూడా రాసిపెట్టుకోవాలి. గంటకోసారి బండి ఆగుతుందని బయల్దేరేటప్పుడే గట్టిగా చెప్పాలి. ఆ ఒక్కమాట చెవిన పడితే చాలు, అందరూ ధైర్యంగా నీళ్లు తాగుతారు.

బీపీకి మూత్రం ఎక్కువగా పోయే మాత్ర వాడేవాళ్లు, ప్రయాణం రోజు దాన్ని ఎప్పుడు వేసుకోవాలో డాక్టర్‌ని ముందే అడగండి. సొంతంగా మానెయ్యకండి. షుగర్ ఉన్నవాళ్లు భోజనం వేళ దాటనివ్వకూడదు, జేబులో రెండు చాక్లెట్లు ఉండాలి. ఇంకో ముఖ్యమైన సంగతి. గుడి ఆవరణలో బండపరుపు పదకొండు గంటలకల్లా కాలిపోతుంది. షుగర్‌తో పాదాల స్పర్శ తగ్గినవాళ్లకు ఆ వేడి తెలియదు. రాత్రి ఇంటికొచ్చి చూసుకుంటే అరికాలు బొబ్బలెక్కి ఉంటుంది, ఆ పుండు మానడానికి నెలలు పడుతుంది. మందపాటి మేజోళ్లు వేసుకుని గుళ్లోకి వెళ్లండి. మేజోళ్లు వద్దనే చోట ఎండెక్కకముందే దర్శనం ముగించుకోండి. దేవుడికి మన పాదాలు కాల్చుకుని చూపించక్కర్లేదు.

చోట్ల సంగతికి వస్తాను. మొదటిసారి వెళ్లేవాళ్లకు నేను కొండపల్లి చెబుతాను. ఖిల్లా కాదు, ఊళ్లో బొమ్మల కాలనీ. ఇబ్రహీంపట్నం దాటితే వచ్చేస్తుంది. అక్కడ ఇళ్లే పనిచోట్లు. వరండాలో చాప మీద కూర్చుని పనిచేసుకుంటుంటారు, మనం ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చోవచ్చు. ఎక్కాల్సిన మెట్లు లేవు, నడక లేదు.

ఆ పని దగ్గరనుంచి చూడండి. కర్ర పేరు తెల్లపొణికి. చుట్టుపక్కల కొండల్లో పెరిగే చెట్టు. చేతిలో పెడితే బరువే తెలియదు. చెమ్మ పోయేదాకా ఆరబెట్టి, సెగ చూపించి, అప్పుడు చెక్కుతారు. బొమ్మంతా ఒక్క ముక్కలో రాదు. చేతులు విడిగా, తల విడిగా, ఎద్దు కొమ్ములు విడిగా చేసి అతికిస్తారు. అతికించడానికి చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్ద వాడతారు, దాన్ని మక్కు అంటారు. ఆ మక్కుతోనే ముక్కు దిద్దుతారు, చీర కుచ్చిళ్లు తీరుస్తారు. ఎండాక తెల్లసున్నం పూత, దాని మీద రంగులు. కళ్లు మాత్రం ఆఖర్న దిద్దుతారు. ఆ క్షణం దాకా కర్రగా ఉన్నది, కనుపాప చుక్క పడగానే మనవైపు చూస్తుంది. మన చూపు మందగించినా సరే, ఆ చుక్క పెట్టేటప్పుడు పక్కన ఉండాలి.

అక్కడ మనవాళ్ల నోళ్లు వాటంతట అవే విచ్చుకుంటాయి. తాటిచెట్టెక్కే గీతకార్మికుడు, ఎడ్లబండి, అంబారీ ఏనుగు, దశావతారాలు, పెళ్లికూతురి పల్లకి. “మా పుట్టింట్లో సంక్రాంతి కొలువు అయిదు మెట్లు పెట్టేవాళ్లం” అని ఒకావిడ మొదలుపెడితే ఇంకొకరు అందుకుంటారు. ఇంట్లో మాట్లాడనివాళ్లు అక్కడ మాట్లాడతారు. ఊరికే చూసి రాకుండా ఒక చిన్న బొమ్మయినా కొనండి, బేరం ఆడకండి. అది ఎన్ని చేతులు మారి తయారైందో అప్పుడే కళ్లతో చూశారు కదా. తిరిగొచ్చేటప్పుడు ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర పవిత్ర సంగమం ఘాట్‌లో కాసేపు కూర్చోవచ్చు. పట్టిసీమ నుంచి వచ్చిన గోదావరి నీళ్లు కృష్ణలో కలిసే చోటది. మెట్లు దిగక్కర్లేదు, పైన కూర్చుంటే చాలు.

ఉండవల్లి గురించి త్వరగా చెప్పేస్తాను. కొండను నాలుగు అంతస్తులుగా తొలిచారు. పైన పడుకున్న అనంతపద్మనాభస్వామి విగ్రహం ఒకే రాయి. చూసి తీరాల్సిందే. కానీ ఆ మెట్లు నిటారుగా ఉంటాయి. ఎక్కలేనివాళ్లు ముందున్న పచ్చిక దగ్గర కూర్చోండి, ఎక్కగలిగినవాళ్లు ఫోన్లో ఫోటో తీసి చూపిస్తారు. ఎవరినీ బలవంతం చేయకూడదు. “ఇంతదూరం వచ్చి ఎక్కకపోతే ఎలా” అనే మాట మన గుంపులో ఎవరూ అనకూడదని ముందే ఒట్టు పెట్టుకోండి. ఆ మాట వల్లే పడిపోతుంటారు.

మంగళగిరిలో కొండమీద పానకాలస్వామి దగ్గరికి ఇప్పుడు వాహనాలు వెళ్లే దారి ఉంది. మధ్యాహ్నం మూడు దాటాక గుడి మూసేస్తారు, ఆ తర్వాత దేవతలు వచ్చి పూజ చేసుకుంటారని నమ్మకం. కాబట్టి పొద్దునే వెళ్లాలి. కింద లక్ష్మీనరసింహస్వామి గుడి గాలిగోపురం పదకొండు అంతస్తులు, 153 అడుగులు, వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు 1807-09 మధ్య కట్టించింది. గోపురం కింద నీడలో నిలబడి మెడ పైకెత్తి చూడకండి, మెడనొప్పి ఉన్నవాళ్లకు తల తిరుగుతుంది. ఎదురు వీధిలో కొంచెం దూరం వెళ్లి చూస్తే మొత్తం కనబడుతుంది. మగ్గాలున్న ఇళ్లూ ఆ ఊళ్లోనే ఉన్నాయి. నిజాం అంచు చీర మగ్గం మీద పడుతుండగా చూస్తే ఆ చీర కట్టుకున్నప్పుడల్లా గుర్తొస్తుంది.

అమరావతి మ్యూజియానికి శుక్రవారం సెలవు, ఆ రోజు పెట్టుకోకండి. 1797లో ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ చూసిన మహాచైత్యం, అంటే అక్కడి పెద్ద బౌద్ధస్తూపంలోని మంచి శిల్పాలు చాలా వరకు చెన్నై ఎగ్మూరుకూ, లండన్ బ్రిటిష్ మ్యూజియానికీ వెళ్లిపోయాయి. మిగిలినవి మన దగ్గరున్నాయి. ఆ పూర్ణఘటం, ఆ పద్మాలు చూస్తుంటే పోయినవాటి మీద దిగులు కలుగుతుంది. ఆ దిగులు మన పిల్లలకు చెప్పదగ్గదే.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన దారి ఇంకోటి ఉంది. ఉయ్యూరు, పామర్రు మీదుగా కూచిపూడి, మొవ్వ. కారులో గంటన్నర. దారి పొడుగునా చెరకు, వరి. కూచిపూడి సిద్ధేంద్రయోగి ఊరు. ఇన్ని శతాబ్దాలుగా నాట్యం ఒక ఊరి కులవృత్తిగా నిలబడిన చోటు. ఆ వీధుల్లో నడుస్తుంటే నట్టువాంగం, అంటే నాట్యానికి వేసే తాళం వినపడొచ్చు, ఆగి వినండి. అక్కడికి దగ్గర్లోనే మొవ్వ. మొవ్వ గోపాలుడి గుడి. క్షేత్రయ్య పదాలనే పాటల్లో మాటిమాటికీ వచ్చే మువ్వగోపాలుడు ఈ స్వామే. గుడి పెద్దదేం కాదు, జనం ఉండరు. అక్కడే నేను చెప్పిన రెండు గంటలు కూర్చోవాలి. సంగీతం వచ్చినవాళ్లు మన గుంపులో ఎవరో ఒకరుంటారు. నాలుగు క్షేత్రయ్య పదాలు పాడమనండి. గొంతు పోయిందని మొదట వద్దంటారు. పాడనివ్వండి. నేను విన్నంతలో, డెబ్బై అయిదేళ్ల గొంతులో క్షేత్రయ్య పదం వేరే రకంగా పండుతుంది. పద్దెనిమిదేళ్ల పిల్ల పాడితే రాని అర్థం వస్తుంది.

ఆ మండలంలోనే భట్లపెనుమర్రు ఉంది, పింగళి వెంకయ్య పుట్టిన ఊరు. 1921లో ఆయన గాంధీజీకి జెండా నమూనా ఇచ్చింది మన బెజవాడలోనే. బందరు రోడ్డులో బాపు మ్యూజియం ఉంది కదా, పూర్వపు విక్టోరియా జూబిలీ మ్యూజియం. దూరం వెళ్లలేనివాళ్లు ఆటో ఎక్కి ఒక పూట దానికి ఇవ్వండి. ఇంటికి కిలోమీటరు దూరంలో ఉన్నదీ విహారయాత్రే.

ఓపిక ఉంటే అదే వైపు ఘంటసాలలో జలధీశ్వరాలయం, బౌద్ధస్తూపం. కృష్ణ ఒడ్డున శ్రీకాకుళం. ఉత్తరాంధ్రలోని జిల్లా కాదు, మన దివిసీమ దారిలో ఉన్న శ్రీకాకుళం. ఆంధ్రమహావిష్ణువు గుడి. కృష్ణదేవరాయలకు కలలో కనిపించి తెలుగులో కావ్యం రాయమన్నది ఈ స్వామేనని ఆముక్తమాల్యద మొదట్లోనే ఉంది. అయితే ఇవన్నీ ఒకే రోజు పెట్టుకోకండి. మొవ్వకు ఒక రోజు, శ్రీకాకుళానికి ఇంకో రోజు. గుళ్లు మధ్యాహ్నం మూసేస్తారు కాబట్టి ఆ వేళకు భోజనం, ఒక చెట్టునీడ, ఒక చాప చూసుకోవాలి. మధ్యాహ్నం అరగంట నడుం వాల్చకపోతే సాయంత్రం తిరుగు ప్రయాణం భారమవుతుంది. అందుకని నేను చాపలు, రెండు మడత కుర్చీలు లేకుండా బయల్దేరను.

శీతాకాలంలో ఆటపాక మర్చిపోవద్దు. కైకలూరు పక్కన కొల్లేరు పక్షుల కేంద్రం. గూడబాతులు గుంపులు గుంపులుగా దిగుతాయి. గట్టు చదునుగా ఉంటుంది. కైకలూరుకు గుడివాడ మీదుగా రైలు కూడా ఉంది. పొద్దున్నే పక్షులు బాగా కనబడతాయి కానీ మంచుకు ఆయాసం ఉన్నవాళ్లు ఎండపొడ వచ్చాకే బయల్దేరండి. మంగినపూడి బీచికి వెళ్లేవాళ్లు ఆదివారం తప్పించండి. బందరు లడ్డు ఎలాగూ కొంటారు, షుగర్ ఉన్నవాళ్లు పంచి పెట్టడానికి మాత్రమే కొనండి.

భోజనం గురించి. మన ప్రాంతంలో ఈ నెలలో వనభోజనాలకు వెళ్లడం తాతల కాలం నుంచీ ఉంది. ఉసిరిచెట్టు కింద పూజ, ఆ నీడలోనే విస్తళ్లు. మనకు ఇంతకన్నా మంచి ఆచారం ఇంకేం కావాలి? ఈమధ్య అవి కులానికొకటి, సంఘానికొకటి అయిపోయాయి. నాకది బాధగా ఉంటుంది. మా చిన్నప్పుడు వీధి వీధంతా కలిసి వెళ్లేవాళ్లం. మనం వెళ్లే గుంపులోనైనా ఇంటిపేర్లు అడగకుండా పక్కపక్కన కూర్చుని తిందాం.

వంట బరువు ఒకరి మీద పడనివ్వకండి. పులిహోర సాయంత్రం దాకా నిలవుంటుంది. పెరుగన్నం మధ్యాహ్నానికి పులిసిపోతుందని అంటారు. పొద్దున అన్నం మెత్తగా కలిపి, ఎక్కువ పాలు పోసి, ఒక్క స్పూన్ పెరుగు వేసి మూత పెట్టండి. డబ్బాలోనే తోడుకుంటూ వస్తుంది, పన్నెండున్నరకు కమ్మగా ఉంటుంది. పళ్లు లేనివాళ్లకు అదే భోజనం. ఉప్పు తినే ముందు కలుపుకోవాలి. వడలు, బజ్జీలు దారిలో వద్దు.

ఖర్చు సంగతి. అరవై దాటినవాళ్లకు ఏపీఎస్ఆర్టీసీ బస్సు టికెట్‌లో పాతిక శాతం రాయితీ ఉంది, ఆధార్ కార్డు చేతిలో ఉంచుకోండి. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టే లేదు. రైల్వేలో 2020 మార్చిలో తీసేసిన సీనియర్ రాయితీ మళ్లీ రావాలని మనం అడుగుతూనే ఉండాలి. పదిమంది కలిస్తే చిన్న వ్యాన్ మాట్లాడుకోవడం సుఖం, ఆగాలన్నచోట ఆగుతుంది. మాట్లాడేటప్పుడు మెట్టు ఎత్తు చూడండి. మొదటి మెట్టు మోకాలెత్తు ఉంటే, ఒక చిన్న పీట తీసుకెళ్లండి. దిగేటప్పుడు వెనక్కి తిరిగి, కమ్మీ పట్టుకుని దిగాలి.

ఇక్కడ కొడుకులూ కోడళ్లూ కూతుళ్లూ కూడా వచ్చారు, వాళ్లకో మాట. అమ్మనీ నాన్ననీ ఎక్కడికి తీసుకెళ్లాలో మీరే నిర్ణయించి కారెక్కించకండి. అడగండి. మీ అమ్మకు తిరుపతి కన్నా తను చదువుకున్న బడి చూడాలని ఉండొచ్చు. మీ నాన్నకు తను మొదట ఉద్యోగం చేసిన ఊరి బస్టాండులో కూర్చుని టీ తాగాలని ఉండొచ్చు. భర్త పోయినావిడను “నువ్వెందుకమ్మా ఇంట్లో ఉండు” అనకండి. ముందు పిలవాల్సింది ఆవిణ్నే. చెవులు వినపడని పెద్దాయన ఉంటే వ్యాన్‌లో ముందు సీటు ఆయనకివ్వండి, ఒకరు పక్కన కూర్చుని మాట్లాడండి. వాళ్లు ఇంటికొచ్చాక “బాగుందా” అని ఒక్క ముక్క అడిగి ఫోను చూసుకోకండి. ఏం చూశారో మొత్తం చెప్పించుకోండి.

వచ్చే బుధవారం మనం కొండపల్లి వెళుతున్నాం. ఎనిమిదిన్నరకు ఈ హాలు ముందే వ్యాన్ ఉంటుంది, అయిదున్నరకు తిరిగొస్తాం. పేర్లు బయట టేబుల్ దగ్గర రాసుకుంటున్నారు. పేరు పక్కన మీ ఫోన్ నంబరు, ఇంట్లో ఒకరి నంబరు, వేసుకునే మాత్రలు, మెట్లెక్కగలరో లేదో రాయండి. చేతికర్ర వాడేవాళ్లు అది తెచ్చుకోవడానికి సిగ్గుపడకండి. మొత్తం రోజు వద్దు, ఒక పూటే వస్తామనేవాళ్లు ఉంటే అదీ రాయండి, ఒంటిగంటకు వెనక్కి తెచ్చే కారు ఒకటి మాట్లాడాం. సెలవు.